పరదేశంలో నా ఆర్థిక మంత్రిత్వం

పరాయి దేశంలో దిగగానే ఆ దేశపు డబ్బు చేతికి ఎలా తెచ్చుకోవాలో నన్నడగండి. అడగకపోయినా చెబుతాను. ఈ విషయంలో నాకున్నంత అనుభవం చాలామందికి లేదు. ఉండాలని వాళ్ళు కోరుకోరు కూడా.

మా ఆవిడ పళ్ళ డాక్టరు. మా వీధి పిల్లల పాలపళ్ళన్నీ ఆవిడ చేతిమీదుగానే ఊడాయి. నేను ఇన్సూరెన్స్ సర్వేయర్ని. కాలిపోయిన గోడౌన్లకు వెళ్ళి, అవి వాటంతటవే కాలాయా, ఎవరైనా చేయి వేశారా అని తేలుస్తాను. ఆవిడ పని నోళ్ళు తెరిపించడం, నా పని నోరు మూసుకుని అనుమానించడం. నోరు మూసుకోవడం ఆఫీసు వేళల్లో మాత్రమే.

ఒక విదేశంలో జరిగే దంతవైద్యుల సభకు ఆవిడకు పిలుపు వచ్చింది. కుర్చీ ఎక్కనని ఏడ్చే పిల్లల్ని ఎలా దారికి తెచ్చుకోవాలి అన్న విషయం మీద మాట్లాడాలి. ఏళ్ళ తరబడి పిల్లల చేత వేళ్ళు కొరికించుకుని నేర్చుకున్న విద్యకు మొదటిసారి ఒక వేదిక దొరికింది. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఆవిడ క్లినిక్ మూసేసి, వంటింట్లో కూర్చుని, తీరిగ్గా టీ తాగింది. ఆవిడ ఆనందం అలాగే ఉంటుంది.

నేనూ వెంట బయల్దేరాను. ఉత్త భర్తగా వెళ్ళడం నామోషీ కాబట్టి, డబ్బు మార్పిడి శాఖను నాకు నేనే కట్టబెట్టుకున్నాను.

దీని వెనక ఒక పగ ఉంది. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్క భర్త, కిందటేడు అదే దేశం వెళ్ళాడు. విమానాశ్రయంలో కౌంటరు వాడి దగ్గర డబ్బు మార్చుకుని నిండా మునిగాడు. పాపం, ఆ సంగతి నాతో చెప్పుకున్నాడు. అప్పట్నుంచి ఏ పెళ్ళిలో కనిపించినా, "అన్నయ్యా, ఇవాళ రేటెంత?" అని పలకరిస్తున్నాను. అలాంటి నేను మోసపోతే ఇంకేమైనా ఉందా? కుటుంబంలో తలెత్తుకోలేను.

నా పథకం వినగానే మా ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇక్కడే బ్యాంకులో కొంచెం మార్చుకుందామండీ" అంది.

"బ్యాంకు రేటు చూశావా? దానికంటే వాళ్ళు ముసుగు వేసుకుని దోచుకుంటే మర్యాదగా ఉంటుంది. అక్కడ దిగాక మిషన్లోంచి తీస్తాను. అసలు రేటు, ఖరారు రేటు."

"పోనీ, కాస్త చిల్లరైనా ఉంచుకుందాం. అక్కడ చిల్లర లేకపోతే కష్టమని బావగారు చెప్పారు."

బావగారి పేరు ఎత్తకుండా ఉండాల్సింది. "నేను నోట్ల గురించి మాట్లాడుతుంటే నువ్వు చిల్లర మాటలు మాట్లాడతావేంటి?" అన్నాను.

"సరే, మీ ఇష్టం" అంది.

పెళ్ళైన వాళ్ళు ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినాలి. భార్య "సరే, మీ ఇష్టం" అందంటే వ్యవహారం అక్కడితో ముగిసిందని మనం అనుకుంటాం. నిజానికి మొదలయ్యేది అక్కడే.

నా ఏర్పాట్లు నేను చేశాను. ఒక కార్డు చొక్కా లోపలి జేబులో, ఒకటి కళ్ళజోడు పెట్టెలో, మూడోది ఎడమకాలి మేజోడులో. మన ఫోను అక్కడ వాడితే బిల్లు మండిపోతుందని, సిమ్ తీసి ఇంట్లో ఇనప్పెట్టెలో భద్రంగా పెట్టి తాళం వేశాను. ఈ ముందుచూపుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మెచ్చుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు కూడా.

మా ఆవిడ చేతిసంచి మాత్రం ఎత్తితే భుజం జారిపోతోంది. తెరిచి చూశాను. ప్రసంగం కాగితాలు, కట్టుడు పళ్ళు పెట్టుకునే గులాబీరంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి. పరదేశంలో ఎవరికి పళ్ళు కడదామని అడిగాను. పని సామాను, ముట్టుకోవద్దంది. పళ్ళున్న డబ్బా మూత తీయాలని ఎవరికి ఉంటుంది? వదిలేశాను.

విమానంలో దారిపొడవునా ఆవిడ ప్రసంగాన్ని దిద్దిపెట్టాను. ఇక్కడ గొంతు పెంచు, అక్కడ ఒక జోకు వెయ్యి, ఈ పేరా తీసెయ్ అని సలహాల మీద సలహాలు ఇచ్చాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఏకాగ్రతతో వింటోందని అనుకున్నాను.

పొద్దున్నే దిగాం. సభ జరిగేది ఎదురుగా నీళ్ళ మధ్య ఉన్న చిన్న దీవిలో. విమానాశ్రయం గుమ్మం దాటితే పడవల రేవు. అక్కడికి పోవడానికి ఇంకో దారి లేదు.

"ఇప్పుడు కదులుతున్న పడవ మనకు అందదు. తర్వాతది ఎక్కితే సరిపోతుంది" అంది మా ఆవిడ. "అదీ తప్పిపోతే నా బదులు ఇంకెవరినో మాట్లాడిస్తారు."

తర్వాత నీళ్ళకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. "డబ్బు సంగతి మీరు చూడండి. మీరు తప్ప ఇంకెవరు చెయ్యగలరు?"

ఆ ఒక్క మాటకు నా ఛాతీ ముందుకు వచ్చింది. చొక్కా గుండీలు భయపడ్డాయి.

డబ్బు మిషను విమానాశ్రయం గుమ్మం పక్కనే ఉంది. ఇలాంటి మిషన్లకు దొంగలు కార్డు వివరాలు కాజేసే దొంగ బిగింపులు తగిలిస్తారని నాకు తెలుసు. అందుకని సర్వే మొదలుపెట్టాను. కార్డు పెట్టే చోట పట్టుకుని గుంజాను. పక్కలు తట్టి చెవి ఆనించాను. వెనకాల వైర్లు చూడటానికి మోకాళ్ళ మీద వంగాను. లేచేసరికి యూనిఫారంలో ఒక భారీ కాపలాదారు నన్ను సర్వే చేస్తున్నాడు.

చిరునవ్వు నవ్వి మొదటి కార్డు పెట్టాను. రహస్య అంకె ఎవరికీ కనపడకూడదని తువ్వాలు తీసి తలమీదా మిషను మీదా కలిపి కప్పాను. రహస్యం ఎంత గట్టిగా కాపాడానంటే, మీటలు నాకు కూడా కనపడలేదు. తడుముకుంటూ నొక్కాను. తప్పంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ తప్పంది. ఇంకోసారి నొక్కేసరికి కార్డు గుటుక్కున మింగి, నోరు మూసుకుంది.

రెండో కార్డు పెట్టాను. మీరు మీరే అని నిర్ధారించుకోవడానికి మీ ఫోనుకు ఒక అంకె పంపాం, అది నొక్కండి అని తెర మీద వచ్చింది. ఆ అంకె వెళ్ళింది, సందేహం లేదు. మా ఇంట్లో ఇనప్పెట్టెలోకి వెళ్ళింది.

మూడోది మేజోడులో ఉంది. నేను నేలమీద కూర్చుని బూటు విప్పుతుంటే కాపలాదారు ఒక అడుగు ముందుకు వేశాడు. మేజోడులోంచి కార్డు బయటికి రాగానే రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రోజు నేను సాధించిన మొదటి విజయం అది.

ఈసారి తువ్వాలు కప్పలేదు. అంకె సరిపోయింది. అప్పుడు మిషను ఒక ప్రశ్న వేసింది: లెక్క మీ దేశపు డబ్బులో కట్టమంటారా, మా దేశపు డబ్బులోనా? పరాయి గడ్డ మీద మన డబ్బు పేరు చూసేసరికి నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మన డబ్బే అని నొక్కాను. వెంటనే తెర మీద రేటు వచ్చింది. మన డబ్బులో కట్టమంటే మిషను వాడు తనకు నచ్చిన రేటు వేసుకుంటాడట. అది మా తోడల్లుడు మునిగిన రేటు కంటే లోతుగా ఉంది. వెనక్కి వెళ్ళే మీట కోసం వెతుకుతుండగానే నోటు బయటికి వచ్చింది.

ఒకే నోటు. చిన్నపాటి చేతిరుమాలంత ఉంది. దానిమీద గడ్డం ఆయన ఒకరు నావైపు జాలిగా చూస్తున్నాడు.

పోతే పోయింది, డబ్బైతే వచ్చింది కదా అని రేవుకు పరిగెత్తాను. అక్కడ టికెట్లు లేవు, అమ్మే మనిషి లేడు. ఇత్తడి గేటు, దానికి ఒక సన్నని చీలిక. నాణెం వేస్తే తిరుగుతుంది. పక్కన నిలబడ్డ గేటు మనిషికి నోటు చూపించాను. ఆయన నోటును చూసి, చీలికను చూసి, నన్ను చూశాడు. ఆ గేటు వాళ్ళ తాతల కాలం నాటిదట, దాన్ని మార్చడానికి ఎవరికీ మనసు ఒప్పలేదట. కార్డు అంటే ఏమిటో దానికి తెలియదు. తనకు మాత్రం తెలుసని సైగ చేశాడు, ఏం లాభం?

నాణేల కోసం రేవు అంగడికి పరిగెత్తాను. టోపీలు, ఈతకు పనికొచ్చే బొమ్మలు అమ్ముతున్నారు. అంగడి ఆవిడ నోటును వెలుతురుకు పట్టి చూసి భర్తను పిలిచింది. భర్త చూసి తన తల్లిని పిలిచాడు. మూడు జతల కళ్ళు చూశాక, ఊరికే మార్చం, కొనాల్సిందే, అదీ పెద్ద వస్తువే కొనాలి అన్నారు. అక్కడున్న వాటిలో పెద్దది గాలి ఊదిన మొసలి. నా కంటే ఒక జానెడు పొడవు. నోటినిండా తెల్లటి పళ్ళు.

కొన్నాను. మిగిలింది తిరిగి ఇచ్చారు. అన్నీ నోట్లే.

నాణేలు ఇమ్మని అడిగేలోపే పడవ కూత వేసింది.

మొసలిని చంకలో పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాను. మా ఆవిడ అప్పటికే బెంచీ మీంచి లేచి, కాగితాలు సర్దుకుని, గేటు దగ్గర నిలబడి ఉంది. నా రేటు, నా పంతం, నా తువ్వాలు కలిసి ఆవిడ ఇన్నేళ్ళ కష్టాన్ని గట్టు మీద నిలబెట్టేశాయి. సరదాగా చెబుతున్నాను గానీ, ఆ క్షణంలో నాకు నిజంగా సిగ్గేసింది.

"నన్ను క్షమించు" అన్నాను. "నోట్లున్నాయి. నాణేలు లేవు."

ఆవిడ మొసలిని పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత సంచిలోంచి గులాబీరంగు డబ్బా తీసి, మూత తెరిచింది.

అందులో పళ్ళు లేవు. ఆ దేశపు నాణేలు, అంచుదాకా ఉన్నాయి.

ఒకటి వేసింది, గేటు తిరిగింది, తను వెళ్ళింది. ఇంకోటి వేసి నన్ను లాగింది. మొసలికి కూడా వేయాలని గేటు మనిషి సైగ చేశాడు. వేసింది.

పడవ కదిలింది. ఆ నాణేలు ఎక్కడివని అడిగాను. ఏ దేశపు కౌంటరు వాడైనా నోట్లే వెనక్కి తీసుకుంటాడట, నాణేలు తీసుకోడట. అందుకని పరదేశం వెళ్ళొచ్చిన ప్రతి ఇంట్లో, ఏదో ఒక సొరుగులో, పనికిరాని నాణేలు పడి ఉంటాయట. రెండు నెలలుగా తన కుర్చీ ఎక్కిన ప్రతివాళ్ళనీ అడిగిందట. నోట్లో అద్దమున్న మనిషి "ఆ" అని తప్ప ఏమంటాడు? దాన్నే ఒప్పుకోలు కింద తీసుకుంది.

"అన్నిటికంటే ఎక్కువ ఎవరిచ్చారో తెలుసా?" అంది. "బావగారు. జాడీ నిండా ఇచ్చారు. మీకు చెప్పొద్దన్నారు, మీరు రేటు అడుగుతారని."

నేను నీళ్ళవైపు చూశాను. మొసలి నావైపు చూసింది.

"ఇవన్నీ నీ దగ్గరుండగా నన్ను అంతసేపు ఎందుకు పరిగెత్తించావు?"

"మీరు చాలా కష్టపడ్డారు" అని నా భుజం తట్టింది. "మొసలి కూడా బాగుంది."

సభలో ఆవిడ ప్రసంగం ఎలా సాగిందో ఎలా చెప్పను? ఇంట్లో నాతో మాట్లాడే గొంతే. కానీ ప్రపంచం నాలుగు మూలల నుంచీ వచ్చిన పెద్ద పెద్ద డాక్టర్లు కలాలు పట్టుకుని వింటున్నారు. నేను తీసెయ్యమన్న పేరా దగ్గరే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. మొసలిని బల్ల మీదికి ఎక్కించి, దాని నోరు తెరిచి, పిల్లవాడి పక్కన ఎక్కడ నిలబడాలో, ముందు ఏ పన్ను ముట్టుకోవాలో చూపించింది. హాలంతా విరగబడి నవ్వింది. నా మొసలి, నా పెళ్ళాం. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆఖర్న అసలు రహస్యం చెప్పింది. "భయపడే పిల్లవాడి చేతికి ఒక అద్దం ఇవ్వండి. ఇది నువ్వు పట్టుకుంటేనే నా పని జరుగుతుంది, నువ్వు తప్ప ఇంకెవరు చెయ్యగలరు అని చెప్పండి. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ ఉంటాడు. ఆ కాసేపూ మనల్ని విసిగించడు. మన పని మనం ప్రశాంతంగా చేసుకోవచ్చు. అయిపోయాక, చాలా కష్టపడ్డావని భుజం తట్టడం మరిచిపోకండి."

ఎక్కడో విన్నట్టుందే అనుకుంటున్నాను. ఈలోగా ముందు వరసలోంచి ఒక ముసలి డాక్టరు లేచి, ఈ పద్ధతి ఏ వయసు దాకా పనిచేస్తుందని అడిగాడు.

మా ఆవిడ నేను కూర్చున్న వైపు చూసింది.

"పై హద్దు ఇంకా తేలలేదండీ" అంది. "ఈ పొద్దున కూడా పరీక్షించి చూశాను."

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో కూర్చున్నాం. నా దగ్గర మొసలి తాలూకు నోట్లు మిగిలి ఉన్నాయి. "అవి మార్చి మన డబ్బు తేగలరా?" అంది మా ఆవిడ. "ఈ రేట్లూ గీట్లూ నాకు తెలియవు. మీరు తప్ప..."

మాట పూర్తికాక ముందే కాలరు సర్దుకుని లేచాను. వరసగా ఉన్న కౌంటర్ల ముందు నిలబడి ఒక రేటుకూ ఇంకో రేటుకూ మధ్య తేడా కడుతూ, ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ మొసలిని తలకింద పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, హాయిగా కళ్ళు మూసుకుని ఉంది.

అప్పుడు నా చేతిలోకి చూసుకున్నాను. నోట్లలాగే ఉన్నాయి గానీ, అద్దమే.

వెనక్కి వెళ్ళి కూర్చుందామనుకున్నాను. కానీ చివరి కౌంటరు వాడి రేటు కాస్త మెరుగ్గా ఉన్నట్టు అనిపించింది.