పోశయ్య కొన్న గంజు

శుక్రవారం పొద్దున్నుంచి పోశయ్య కాలు ఒకచోట నిలవడం లేదు. నెలలోపు వచ్చి తాళి కట్టకపోతే పిల్లను ఇంకొకరికి ఇచ్చేస్తామని ఊరి నుంచి కబురు వచ్చింది. షార్జా కంపెనీలో ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను, సెలవడిగితే, ఎందుకో చెప్పేలోపే "ఛుట్టీ ఖలాస్", సెలవుల్లేవు పొమ్మని తలుపు చూపించాడు.

"తిరిగితే పిల్ల ఆగుతదా?" అన్నాడు లేబర్ క్యాంపులో అదే గదిలో ఉండే వెంకట్రాములు. "పెద్ద గంజు కొనుక్కరా. మంచం కింద బార్లీ మూట దాసిన. ఉడకబెట్టి, పులిసేటట్టు ఖమీరేసి బీరు జేస్త. తాగి మర్సిపో."

"ముదీర్‌కు ఎరుకైతే ఇంటికి తోల్తడుగదరా! గట్లనన్న లగ్గమైతది."

"ఈడ మందు నేరం. ముందుగాల జైలుకు తోల్తడు."

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గిన్నెల కొట్టు హబీబుల్లాది. నెల్లూరు మనిషి.

"భాయ్, గంజు గావాలె."

"గంజాయా? మెల్లగా మాట్లాడబ్బా! నన్ను జైల్లో ఏయిస్తావా ఏంది?"

"గంజాయి గాదు, గంజు! వండుకునే గిన్నె!"

హబీబుల్లా ఊపిరి పీల్చుకుని ఉన్నవన్నీ కిందికి దించాడు. పోశయ్య ఒక్కోదాన్ని కొట్టి చూశాడు, తల లోపలికి పెట్టి మరీ చూశాడు.

"మూత బిర్రుగుండాలె. వారం దినాలు తియ్య. వాసన బయిటికి రావద్దు."

"వారమా! ఏం వండతావబ్బా?"

పోశయ్య నోటికి ఏదొస్తే అది అనేశాడు. "కందూరు!"

కందూరంటే దర్గాకు మొక్కుకుని, యాటను కోసి పదిమందికీ పెట్టే విందు. హబీబుల్లా వారం సంగతి మరిచిపోయాడు.

"ఎందుకు మొక్కుకున్నావు?"

పొద్దున్నుంచి మనసులో ఉన్నది ఒక్కటే. "పిల్ల కోసం."

"అయ్యో, బిడ్డల్లేరా నీకు!" హబీబుల్లా కళ్లు చెమర్చాయి. కాదని చెబితే ఈసారి బీరు సంగతి చెప్పాలి. పోశయ్య గంజుకు డబ్బు తీసిచ్చాడు.

అంతే, పుణ్యాత్ముడు ఆగితేనా! గంజును పికప్పులో వేశాడు, తన ఇంటి బియ్యం వేశాడు, దారిలో మాంసం కొన్నాడు, కనబడినవాడినల్లా పిలిచాడు. మధ్యాహ్నానికి క్యాంపంతా గది ముందే ఉంది.

"బీరేదిరా?" వెంకట్రాములు చెవిలో గొణిగాడు.

"మొక్కు గిన్నెల ఇంకోటి వండొద్దట. నోర్మూయ్!"

వాసనకు ముదీరే వచ్చాడు. వచ్చినవాడు సరాసరి లోపలికి నడిచి, బార్లీ మూట దాచిన మంచం మీదే కూర్చున్నాడు. ఇక జైలే, ఉద్యోగం పోయింది, పిల్లా పోయింది అనుకున్నాడు పోశయ్య. హబీబుల్లా పళ్లెం అందిస్తూ, పాపం ఈ పోశయ్యకు పిల్లల్లేరని కథంతా ఉర్దూలో చెప్పాడు.

ముదీర్ తినడం ఆపి పోశయ్యను ఎగాదిగా చూశాడు.

"అరే పాగల్! బీవీ ఉధర్, తుమ్ ఇధర్! బచ్చా కైసే ఆయేగా?"

క్యాంపంతా గొల్లుమంది. పెళ్లాం అక్కడ, మొగుడు ఇక్కడ ఉంటే ఏ మొక్కు మాత్రం ఏం చేస్తుంది!

"సాబ్, నాకింకా..." అని పోశయ్య నోరు తెరిచాడు. వెంకట్రాములు వాడి కాలు కసుక్కున తొక్కాడు.

"దో మహీనా ఛుట్టీ! కల్ పాస్‌పోర్ట్ లే లో. యల్లా!" అన్నాడు ముదీర్, రేపే పాస్‌పోర్టు తీసుకుని కదలమని.

అలా పోశయ్య, లేని పెళ్లానికి పిల్లలు పుట్టడం కోసం, రెండు నెలల సెలవు మీద ఊరికి బయల్దేరాడు.