తొలకరి పాఠం, తలుపుకు గడియ

“వాతావరణం ఎన్ని వేషాలు వేసినా తట్టుకునేలా చిన్న రైతును తీర్చిదిద్దుతాం” అని మంత్రిగారు ప్రకటించారు. తీర్చిదిద్దే బాధ్యత నా మీద పడింది. మా ఇంట్లో కుండీ మొక్కలు నా అడుగుల చప్పుడుకే తల వాల్చేస్తాయి. ఆ అనుభవం చూసే కాబోలు, నన్ను మాస్టర్ ట్రైనర్‌ని చేశారు.

శిక్షణ తరగతిని మంత్రిగారు ప్రారంభించాలంటే హాలు నిండాలి. మా అక్క మొగుడికి ఫోను చేశాను. “బావా, నా పరువు నీ చేతిలో ఉంది. చుట్టుపక్కల పొలాలవాళ్లను వెంటేసుకుని రా. టీ తాగి వెళ్లిపోదువుగాని.” బావ మంచివాడు. నమ్మాడు.

చిక్కల్లా, ముందురోజు రాత్రి వాన పడింది. ఎండిపోయి ఉన్న నేలకు అదే మొదటి వాన. శిక్షణ పెట్టుకున్నాక వాన కురవడం క్రమశిక్షణ లేకపోవడమే.

ఏసీ హాల్లో కర్టెన్లు మూసి స్లైడు వేశాను. “తొలి వానకే విత్తండి. ఆలస్యం అమృతం విషం.” ఆ వాక్యం నేనే రాశాను. చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

బావ వంగి వంగి నా దగ్గరికొచ్చాడు. “ఒరేయ్, మంత్రిగారెప్పుడొస్తారు?”

“బయల్దేరారట.”

“మాది ఇసుక నేల. సాయంత్రానికి తడి ఆరిపోతుంది. నువ్వు చెప్పావని మీ అక్క మబ్బు చూసి ఉన్న గింజంతా నానబెట్టింది. ఇవాళ విత్తకపోతే పాడవుతుంది. మళ్లీ కొనే గతి లేదురా.”

“నేను చెప్పేదీ అదే కదా బావా. కూర్చుని విను.”

ఇంతలో మా ఆఫీసరు ఫోను చేశాడు. “ఒక్క కుర్చీ ఖాళీగా కనపడిందా, మనిద్దరి ఉద్యోగాలూ ఊడతాయి.” వెళ్లి తలుపుకు గడియ పెట్టాను.

“బావమరిది బతక కోరతాడంటారు” అన్నాడు బావ. “ఆ మాటన్నవాడికి నీలాంటి బావమరిది ఉండి ఉండడు.”

మధ్యాహ్నానికి స్లైడ్లు అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. రెండోసారి ఇంకా బాగా చెప్పాను. మధ్యలో అక్క ఫోను.

“ఏరా, మీ బావ ఫోనెత్తడం లేదు. ఇక్కడ గింజ మొలకొచ్చేస్తోంది.”

“శిక్షణలో ఉన్నాడక్కా.”

“దేంట్లో?”

“వాన పడగానే విత్తనం ఎలా వెయ్యాలో.”

అక్క టక్కున ఫోను పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

పొద్దు గూకుతుండగా మంత్రిగారి కారు వచ్చింది. గడియ తీశాను. బయట తడి ఆరిపోయినట్టుంది, ఆయనతోపాటు ఇంత దుమ్ము కూడా లోపలికొచ్చింది. ఆయన బూట్లకు మాత్రం ఎండిన బురద అట్టకట్టి ఉంది.

“ఆలస్యమైంది, ఏమనుకోకండి” అన్నారు మైకు పుచ్చుకుని. “రాత్రి వాన పడింది కదా, మా పొలంలో విత్తనం దగ్గరుండి వేయించి వస్తున్నాను. అదను దాటితే మళ్లీ దొరుకుతుందా? వ్యవసాయమంటే నాకు ప్రాణం.”

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే. అలవాటైన చేతులు, ఆగలేదు.

మంత్రిగారు ఉత్సాహంగా మైకు మా బావ ముందు పెట్టారు. “చెప్పవయ్యా, ఇవాళ ఏం నేర్చుకున్నావు?”

బావ నా వైపు చూశాడు. తరవాత మైకులో నెమ్మదిగా అన్నాడు.

“ఈసారి తలుపు పక్కన కూర్చోవాలండి.”

“భేష్!” అన్నారు మంత్రిగారు. నా భుజం తట్టి, ఈ పాయింటు కూడా స్లైడులో పెట్టమన్నారు.

పెట్టాను.