సింహాచలం పర్మనెంటు

పదిహేడేళ్లుగా కాంట్రాక్టు గుమాస్తాగా పనిచేస్తున్న సింహాచలం ఒక సోమవారం ఉదయం బదనిక మొక్కగా మారి ఆఫీసు ఆవరణలోని మామిడికొమ్మకు అంటుకుని కనిపించినప్పుడు, సూపరింటెండెంటు రమణమూర్తి హాజరుపట్టీలో "సమయానికి వచ్చాడు" అని రాసుకున్నారు.

మామిడిచెట్ల మీద బదనికలు మామూలే. అవి మట్టి అడగవు. గాలిలోకి వేళ్లు వేలాడేసుకుని, వాన పడితే తాగుతాయి, పడకపోతే ఊరుకుంటాయి. సింహాచలం అంతకుముందూ అలాగే బతికాడు. అతనికి ఏనాడూ కుర్చీ మంజూరు కాలేదు. ఇప్పుడు ఫైళ్లు తాడుతో పైకి లాగుతున్నారు, అతను వేరుతో సంతకం పెట్టి దింపుతున్నాడు. పనేమీ ఆగలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

పదకొండు నెలలకోసారి మాత్రం నిబంధన ప్రకారం ఒక్కరోజు సర్వీసు తెగ్గొట్టాలి. ఆ రోజు బంట్రోతు నిచ్చెన వేసి, అతన్ని కొమ్మ నుంచి ఊడబెరికి ప్రహరీగోడ మీద పడుకోబెట్టేవాడు. మర్నాడు మళ్లీ కట్టేవాడు. ప్రతిసారీ రెండు మూడు వేళ్లు తెగేవి. వాటి గురించి నిబంధనల్లో ఏమీ లేదు.

మూడేళ్లు గడిచాక పాత కాంట్రాక్టు వాళ్లను పర్మనెంటు చేస్తూ ఉత్తర్వులొచ్చాయి. షరతు ఒక్కటే: ఉద్యోగి ఆఫీసు మట్టిలో పాతుకుని ఉండాలి. రోజూ పొద్దున్నే వచ్చి మొగుడి మీద నీళ్లు చల్లే పోలమ్మను రమణమూర్తి లోపలికి పిలిచి కాగితం చూపించారు.

"మట్టిలో ఎడితే ఈ జాతి కుళ్లిపోద్దని తోటమాలి సెప్పినాడు బాబూ," అంది పోలమ్మ.

"నిజమేనమ్మా. నాలుగు నెలలు పట్టొచ్చు." ఆయనకు నిజంగానే జాలి వేసింది. "కానీ కాంట్రాక్టులో ఉండగా ఎండిపోతే మీకేమీ రాదు. పర్మనెంటు అయ్యాక కుళ్లితే మీ అమ్మాయి గౌరికి కారుణ్య నియామకం వస్తుంది."

గౌరి డిగ్రీ పాసై మూడేళ్లుగా బట్టల కొట్లో నిలబడుతోంది. పోలమ్మకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ నీరసం వచ్చింది. బయటికొచ్చి చెట్టు కింద నిలబడి సంగతంతా చెప్పింది.

"నానొప్పుకోను. ఉన్నన్నాళ్లు కొమ్మ మీదే ఉండు. రోజూ వచ్చి సూసుకుంటాను," అంది.

బదనిక అయ్యాక సింహాచలం నోరు విప్పింది అదే మొదటిసారి.

"కుండీ ఎట్టించు పోలీ. పిల్ల కాళ్లు వాసిపోతన్నాయి."

పోలమ్మ ఏడుస్తూనే తన చేత్తో కుండీలో ఆఫీసు మట్టి నింపి, అతన్ని అందులో పాతి, చుట్టూ గట్టిగా నొక్కింది. రమణమూర్తి ముద్ర వేశారు. స్టాఫంతా వచ్చి అభినందించి, మిఠాయి తిని, కుండీలో ఒక్కో చెంబు నీళ్లు పోశారు.

సాయంత్రానికి అడుగు వేళ్లు మెత్తబడటం మొదలైంది. ఇరవయ్యేళ్ల నౌకరీలో మొదటిసారి సింహాచలానికి రేపటి గురించి భయం వేయలేదు.