మేనేజరుగారింట్లో షాంపూ బిళ్ల

షాంపూ సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీకి మేనేజరైన పెద్దమనిషి ఇంట్లోకి ఇకమీదట షాంపూ సీసా అడుగుపెట్టరాదని, ఆయన భార్య ఒక ఆదివారం ఉదయం స్నానాలగది గుమ్మంలో నిలబడి ప్రకటించారు. ప్రకటనకు ఇంటిల్లిపాదీ హాజరయ్యారు. ఇంటిల్లిపాది అంటే మేనేజరుగారు, ఆయనకు పిల్లనిచ్చిన అత్తగారు. అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చునని కూడా ఆవిడ అన్నారు. మేనేజరుగారు ఆ సమయానికి తలుపవతల తలనిండా నురగతో, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నందువల్ల ఆయనకు అభ్యంతరాలు లేవని తేలింది. అత్తగారికి ఉన్నాయి గాని, కూతురి ఇంట్లో ఉంటున్న తల్లికి ఉండదగినన్ని మాత్రమే.

ఈ నిర్ణయం ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. ముందురోజు సాయంత్రం మహిళా సంఘంవారు భూమిని కాపాడటం గురించి ఒక ఉపన్యాసం ఏర్పాటు చేశారు. ఉపన్యాసకురాలు ప్లాస్టిక్ వల్ల కలిగే అనర్థాలను వివరించి, గొంతు ఆరినప్పుడల్లా పక్కనున్న మంచినీళ్ల సీసా విప్పి తాగి, ఖాళీ సీసాలను వేదిక మీద ఒద్దికగా పేర్చి, చివర్లో తెర మీద ఒక ఫొటో వేశారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన చేప. కోసి చూస్తే దాని పొట్టలో ఆకుపచ్చ మూత. సభలో అందరూ అయ్యో అన్నారు. మేనేజరుగారి భార్య అనలేదు. ఆ మూతను ఆవిడ గుర్తుపట్టారు. నొక్కితే టిక్కుమని తెరుచుకుని, మళ్లీ నొక్కితే టిక్కుమని మూసుకునే ఆ మూతను కనిపెట్టింది సాక్షాత్తూ ఆవిడ భర్తే. దాని పుణ్యమా అనే ఆయనకు మేనేజరు కుర్చీ, ఆవిడకు ఎండా గాలీ తగిలే ఇల్లు దక్కాయి.

ఆవిడ ఆ ఫొటోను ఫోనులో ఎక్కించుకుని ఇంటికి తెచ్చి భర్తకు చూపించారు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూశారు.

“చూశావా, అన్నాళ్లు ఉప్పునీళ్లలో నాని, చేప పొట్టలో దొర్లి కూడా కీలు ఊడలేదు,” అన్నారు.

పనితనం మీద గౌరవం కొద్దీ అన్నమాటే. కాని ఆ పూట ఆయనకు భోజనం వడ్డించినవారు లేరు.

ఇలా ఆ ఇంట్లోకి షాంపూ బిళ్ల వచ్చింది. మట్టిరంగు కాగితంలో చుట్టి, నారతాడుతో ముడివేసి, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. చూడటానికి గుండ్రంగా, వాసనకు వానలో తడిసిన గడ్డిమోపులా ఉంది. ‘ఇందులో రసాయనాలు లేవు, అడవి మాత్రమే ఉంది’ అని కాగితం మీద రాశారు. రాసినవాళ్లు అబద్ధమాడలేదు. రెండు స్నానాలు తిరిగేసరికి ఆ అడవి అత్తగారి నెత్తిన ఏపుగా పెరిగింది. మా ఊరి కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ కావటంతో, బిళ్లా నీళ్లూ ఏకమై ఆవిడ జుట్టును ఒక్క ముద్ద చేశాయి. దువ్వెన గుచ్చితే గుచ్చినచోటే నిలబడిపోయింది. ఆవిడ దాన్ని అలాగే వదిలేసి వార్తలు చూశారు.

దీనికి కూడా కాగితంలో సమాధానం ఉంది. జుట్టు ఇన్నేళ్లుగా రసాయనాలకు బానిసై ఉన్నందున, స్వేచ్ఛ వచ్చిన కొత్తలో కాస్త జిడ్డుగా ప్రవర్తిస్తుందట. దీన్ని పరివర్తన దశ అంటారట.

“పరివర్తన ఎవరికే, నాకా నా జుట్టుకా?” అని అత్తగారు అడిగారు.

“ముందు జుట్టుకమ్మా. తర్వాత నీకూ వస్తుంది,” అని కూతురు ధైర్యం చెప్పారు.

బిళ్లకు ఒక చిన్న బలహీనత ఉంది. నీళ్లు తగిలితే కరుగుతుంది. స్నానాలగదిలో నీళ్లు ఉంటాయన్న సంగతి తయారుచేసినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. వారం తిరక్కుండా అలమారా మీద బిళ్ల ఉండాల్సినచోట పచ్చని మడ్డి మిగిలింది. భార్య బాధ చూడలేక మేనేజరుగారు ఫ్యాక్టరీలో నాలుగు చిల్లులున్న ప్లాస్టిక్ పళ్లెం ఒకటి పోతపోయించి తెచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది సీసా కాదు గనక ఉండవచ్చునన్నారు. ఆ తర్వాత అరిగిపోయిన బిళ్ల ముక్కలు వేసుకోవడానికి నైలాను వలసంచీ వచ్చింది. ప్రయాణాలకు బిళ్ల పెట్టుకునే డబ్బా వచ్చింది. డబ్బాలో బిళ్ల అతుక్కుపోకుండా కింద వేసే జాలీ వచ్చింది. జుట్టుకు పట్టిన మడ్డి వదలడానికి వెనిగర్ నీళ్లు చల్లుకోవాలన్నారు గనక చల్లుకునే స్ప్రే వచ్చింది. సీసా అంటే మెడ ఉన్నది మాత్రమేనని, మెడ లేనివి ఏవీ సీసాలు కావని మేనేజరుగారి భార్య నిర్వచించారు. స్ప్రేకు మెడ ఉన్నమాట నిజమే గాని, దాన్ని పరికరంగా గుర్తించారు. పూర్వం ఒంటరిగా ఒక సీసా కాపురమున్న అలమారాలో ఇప్పుడు మోచెయ్యి ఆనించే చోటు లేదు.

ఉద్యమం ఇల్లు దాటింది. మహిళా సంఘం అధ్యక్ష పదవి ఆవిడను వెతుక్కుంటూ వచ్చింది. ఎవరి తల ఎంత జిడ్డుగా ఉంటే వారి నిష్ఠ అంత గొప్పదన్న అభిప్రాయం బలపడింది. పరివర్తన దశ తొందరగా దాటేసినవాళ్లను, దొంగచాటుగా సీసా వాడుతున్నారేమోనని ఓరకంట చూసేవారు. సంఘానికి మగవారి మద్దతు కూడా లభించింది. బట్టతలవారు మొట్టమొదటే చేరారని, వారినుంచి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదని సర్వసభ్య సమావేశంలో హర్షం వెలిబుచ్చారు.

ఊరంతా ఇలా పరివర్తన చెందుతుంటే సీసాల ఫ్యాక్టరీలో గోదాము నిండిపోయింది. షాంపూ కంపెనీవారు సగం సీసాలు చాలన్నారు. రెండో షిఫ్టు ఆపేశారు. ఆ షిఫ్టు నడిపే ఫోర్‌మన్‌నీ, అతని కింద పనిచేసేవాళ్లనీ కబురు చేసేదాకా ఇంట్లోనే విశ్రాంతి తీసుకోమన్నారు. విశ్రాంతికి జీతం ఉండదని వేరే చెప్పలేదు. అది వాళ్లకు తెలుసు. యజమాని మేనేజరుగారిని పిలిపించారు.

“ఏమయ్యా మేనేజరూ, మనమీద ఇంత కక్ష ఎవరికో కనుక్కురమ్మని మనుషుల్ని పంపాను. వాళ్లు మీ ఇంటి తలుపు చూపించి వచ్చారు,” అన్నారు.

మేనేజరుగారు కాదనలేదు. భార్యకు నచ్చజెప్పడమో, కుర్చీ ఖాళీ చెయ్యడమో, రెండిట్లో ఒకటి వెంటనే జరగాలని యజమాని సెలవిచ్చారు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది గనక, రెండిట్లో కుర్చీ ఖాళీ చెయ్యడమే తేలికని మేనేజరుగారికి తెలుసు. ఆయన ఇంటికొచ్చి ఆ సంగతి ఎత్తలేదు. చొక్కా విప్పి, బిళ్లతో తల రుద్దుకుని, వెనిగర్ నీళ్లు చల్లుకుని, పేపరు తిరగేశారు.

చెప్పింది ఫోర్‌మన్ భార్య. ఆమె సంఘంలో కార్యదర్శి. బిళ్ల పట్టుకున్న మొదటి రోజునుంచీ మేనేజరుగారి భార్యకు కుడిభుజం. ఒక మధ్యాహ్నం వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఇకమీదట సమావేశాలకు రాలేనంది. కుట్టుపని వెతుక్కుంటున్నానంది. కారణం అడిగితే కాసేపు చేతిసంచీ తాడు మెలిపెట్టి అప్పుడు చెప్పింది.

“మా ఆయన ఇంట్లోనే ఉంటున్నారక్కయ్యా. రోజూ తలస్నానం చేస్తున్నారు. ఇంకేం పనిలేదు.”

ఆమెకు ఎవరిమీదా కోపం లేదు. బిళ్ల బాగానే ఉందని కూడా అంది. అక్కయ్యకు అదే ఎక్కువ గుచ్చుకుంది. సాయంత్రం భర్త గడప దాటగానే అడిగారు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మానేస్తావా?”

“ఆ చేపను చూడలేకపోయానండీ. ఇప్పుడు ఈ పిల్ల మొహం చూడలేకపోతున్నాను,” అన్నారావిడ.

“రెండూ మా ఫ్యాక్టరీ గేటులోంచి వచ్చినవే,” అన్నారు మేనేజరుగారు.

భార్యాభర్తలిద్దరూ ఒకే మాటమీద నిలబడటం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు. దురదృష్టం ఏమిటంటే, ఆ మాటతో ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు.

దారి చూపించినవారు అత్తగారు. భూమి గురించి గాని, ఫ్యాక్టరీ గురించి గాని ఆవిడకు బెంగ లేదు. ఆవిడ బెంగల్లా దువ్వెన గురించే. తలమీద బిళ్ల రుద్దీ రుద్దీ మోచేతులు లాగేస్తున్నాయని, ఆవిడ ఒకనాడు వంటింటి తురుముపీట మీద బిళ్లను సన్నగా తురిమి, గోరువెచ్చని నీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి, ఖాళీ దగ్గుమందు సీసాలో పోసుకుని ఆడించారు. అలా ఆవిడ తనకు తెలియకుండానే షాంపూ కనిపెట్టారు. ఆ నీళ్లతో తలంటుకుంటే మడ్డి వదిలి, జుట్టు పట్టుకుచ్చులా జారింది. అల్లుడు అది చూసి ఎలా సాధ్యమైందని అడిగారు. ఆవిడ దాచలేదు.

“దగ్గుమందు సీసాలో పోశాను అల్లుడుగారూ. పని బాగానే అవుతోంది గాని, ఆ మూతే సరిగ్గా లేదు. కారుతోంది,” అన్నారు.

మూత అన్నమాట చెవిన పడేసరికి మేనేజరుగారిలో నిద్రపోతున్న మనిషి లేచి కూర్చున్నాడు. ఆయన కాఫీ కూడా తాగకుండా యజమాని ఇంటికి వెళ్లారు.

అటుపిమ్మట ప్రపంచంలోనే మొట్టమొదటి ద్రవబిళ్ల బజారులోకి విడుదలైంది. ‘అదే అడవి, అదే బిళ్ల. కరిగించే శ్రమ మాత్రం మాది’ అని దానిమీద రాశారు. అది సీసాలో లేదు. ఫ్యాక్టరీవారు దాన్ని నిలువుడబ్బా అన్నారు. మట్టిరంగు ప్లాస్టిక్‌తో పోతపోసి, పైన ఆకు బొమ్మ అచ్చొత్తి, ప్లాస్టిక్ నారతాడు చుట్టారు. మూత మాత్రం టిక్కుమనేదే. మేనేజరుగారు మొదటి నిలువుడబ్బాను భార్య చేతిలో పెట్టారు.

“ఇది సీసా కదండీ,” అన్నారావిడ.

“మెడ లేదు చూడు,” అన్నారాయన.

నిజంగానే లేదు. భుజాలమీదే మూత కూర్చోబెట్టారు. నిర్వచనం ఆవిడదే గనక ఆవిడ మళ్లీ నోరెత్తలేదు. పైగా ఆ ఉదయమే రెండో షిఫ్టు కూత వినిపించింది. ఫోర్‌మన్ భోజనం డబ్బా చేతపట్టుకుని వీధి మలుపు తిరగడం ఆవిడ కిటికీలోంచి చూశారు. ద్రవబిళ్ల నచ్చని గట్టి నిష్ఠాపరులకోసం గట్టి బిళ్లనే చిల్లుల పళ్లెం, జాలీ, వలసంచీ, ప్రయాణపు డబ్బా, స్ప్రేలతో కలిపి ఒకే పెట్టెలో అమ్మకానికి పెట్టారు. ఒక్క సీసా మానేసిన పుణ్యాత్ములకు ఇన్ని వస్తువులు అవసరమవుతాయని ఎవరూ ఊహించలేదు. మూడో షిఫ్టు కూడా పెట్టాల్సి వచ్చింది.

ఇంత సేవ చేసిన ఇల్లాలిని ఊరు ఊరికే వదిలిపెట్టదు. పెద్ద హాలులో సన్మానసభ జరిగింది. యజమానే అధ్యక్షులు. “ఈ తల్లి ఒక సీసా వదిలింది. మా ఫ్యాక్టరీకి వెయ్యి దారులు చూపింది. ప్రకృతికీ పరిశ్రమకీ మధ్య వైరం లేదనడానికి ఈ దంపతుల సంసారమే సాక్ష్యం. ప్రతి ఇంటా ఇలాంటి ఒక తిరుగుబాటు ఇల్లాలు ఉంటే మేం ఇంకో రెండు ఫ్యాక్టరీలు పెట్టగలం,” అని ఆయన గద్గదస్వరంతో సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి. తర్వాత ఆవిడను రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఆవిడ మైకు దగ్గరికి వెళ్లారు. ముందు వరసలో ఫోర్‌మన్ భార్య కూర్చుని ఉంది. ఆమెకేసి చూసి మొదలుపెట్టారు.

“మా ఇంట్లో ఇదివరకు ఒక సీసా ఉండేది. ఇప్పుడు దాని బదులు ఆరు ప్లాస్టిక్ సామాన్లున్నాయి. నేను చేసిందల్లా అదే. పని పోయినవాళ్లకు పని దొరికింది, అది ఒక్కటే నాకు సంతోషం. మిగతాదానికి నన్ను సన్మానించకండి. నాకు సిగ్గుగా ఉంది.”

హాలు పగలబడి నవ్వింది. ఎంత చమత్కారం అన్నారు కొందరు. ఎంత వినయం అన్నారు మిగతావారు. యజమాని కళ్లు తుడుచుకున్నారు. మేనేజరుగారొక్కరే నవ్వలేదు, ఆయన లేచి వెళ్లి భార్యకు మెట్లు దిగడానికి చెయ్యి అందించారు. ఇద్దరూ పక్కతలుపు గుండా ఇంటికి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లిన సంగతి ఎవరూ గమనించలేదు, ఎందుకంటే అప్పటికే బయటి వరండాలో కానుకలు పంచడం మొదలైంది.

సభకు వచ్చినవారందరికీ ఒక్కో పెట్టె ఉచితం. బిళ్లను ఎవరు వాడారో ఎవరు పారేశారో నాకు తెలియదు. డబ్బాల్లో మాత్రం ఇప్పుడు ఎవరింటి పిన్నీసులు వారింట్లో, ఎవరింటి గుండీలు వారింట్లో భద్రంగా ఉన్నాయి. మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. రెండోసారి వరసలో నిలబడి, “మా ఇంట్లోవాళ్లకు” అని చెయ్యి చాపినప్పుడు కూడా ఇలాగే నవ్వారు. మీ వెనకే నిలబడ్డవాణ్ణి గనక చూశాను. రెండు పెట్టెలూ చంకన పెట్టుకుని నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, “కవరేమైనా ఇస్తారా?” అని అడిగిన గొంతు మాత్రం అచ్చంగా మీదే.