మామగారి బరువు, అత్తగారి బియ్యం

ఆ ఆదివారం ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ చల్లారేలోగా మామగారిని తూకం పలక మీద నిలబెట్టాలి, అంకె కనబడగానే దింపేయాలి, ఆ తర్వాత దుప్పటి ముసుగేసి మధ్యాహ్నం దాకా నిద్రపోవాలి. ఈ పథకంలో అనుకున్నట్టుగా జరిగింది కాఫీ చల్లారడం ఒక్కటే.

పలక అతని కంపెనీ కొత్త సరుకు. చూడటానికి నల్లటి పీటలా ఉంటుంది, పక్కనే చిన్న తెర. ఊరినిండా జిమ్ములున్న పెద్దమనిషి ఒకాయన, అది నిజమైన ఇంట్లో రెండు వారాలు సవ్యంగా పనిచేస్తే కొంటానన్నాడు. మేనేజరు దాన్ని ఇంజనీరు చేతికిస్తూ, పనిచేస్తే ఉద్యోగం పర్మనెంటు అన్నాడు. "చేయకపోతే ప్రాజెక్టుతో పాటు నువ్వు కూడా" అని మొదలుపెట్టి, మిగతా వాక్యాన్ని చిరునవ్వుతో పూర్తిచేశాడు.

ఇంట్లో బరువు తగ్గాల్సిన మనిషి సిద్ధంగానే ఉన్నారు. మామగారు మోకాళ్ళ వైద్యం కోసం అత్తగారితో సహా వచ్చి, రెండో అంతస్తులోని ఆ ఇంట్లో సోఫాకి అతుక్కుపోయారు. లిఫ్టు చెడిపోయి ఉండటంతో గడప దాటే ప్రశ్నే లేదు. డాక్టరు ఆయన్ని తూచి, అంకెను చెవిలో చెప్పి, ఇది తగ్గితే తప్ప మోకాళ్ళు మాట వినవన్నాడు. ఆ అంకె ఏమిటో ఆయన అత్తగారికి కూడా చెప్పలేదు. పలక ఎక్కడానికీ షరతు పెట్టారు.

"అసలు బరువు కనబడకూడదు అల్లుడుగారూ. మొదటిరోజు కంటే ఎంత తగ్గానో అది మాత్రం కనబడితే చాలు. మనిషన్నాక మర్యాద ఉంటుంది కదా."

అల్లుడు సరేనన్నాడు. మనిషికో నంబరు ఇచ్చాడు. మొదటిసారి ఎక్కితే సున్నా చూపిస్తుంది, ఆ తర్వాత తేడా మాత్రమే. మామగారి మర్యాద దక్కింది. కొంప మునగడానికి మొదటి చిల్లు కూడా అక్కడే పడింది.

రెండో చిల్లు అత్తగారు పొడిచారు. ఈ ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటాక గానీ ఎవరికీ తెలియదని ఆవిడ ఫిర్యాదు. పలక లోపలి చిప్ రెండు బరువుల్ని వినగలదు. దానికున్న రెండు దారుల్లో, అంటే చానెళ్ళలో, ఒకదానికి పలక తగిలించి ఉంది, రెండోది ఖాళీ. అల్లుడు ఉత్సాహపడిపోయి బియ్యం డబ్బా కింద ఒక సెన్సర్ అమర్చి, దాని తీగను గోడవారగా హాల్లోకి లాగాడు. ఎంత బియ్యం మిగిలిందో ఫోన్‌లో చూపించే యాప్ వచ్చేవారం రాసిస్తానన్నాడు. ప్రోగ్రామర్ల వచ్చేవారం ఎలాంటిదో తెలిసిందే, అది ఈ కథ అయిపోయేదాకా రాదు.

కొత్త చానెల్ వచ్చిందని పలకకు తెలియజెప్పడానికి అతను లాప్‌టాప్ తెరిచాడు. అత్తగారు గరిటె పట్టుకుని అతని భుజం వెనకే నిలబడ్డారు.

"ముందు నాది రాయండి బాబూ. ఆయనదేముంది, తర్వాత రాసుకోవచ్చు."

అత్తగారి మాట జవదాటడం అల్లుడికి అలవాటు లేదు. చానెళ్ళ వరుసలో బియ్యం డబ్బాని పైన, పలకను కింద రాశాడు.

ఇక్కడ కాస్త లోపలి సంగతి చెప్పుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. యంత్రభాగాలతో మాట్లాడే డ్రైవర్లనే ప్రోగ్రాములన్నీ కాపురముండేది అందులోనే. చిప్ బాగోగులు చూసే డ్రైవర్ ఒకటి, బరువు లెక్కగట్టే మన అల్లుడి డ్రైవర్ మరొకటి. ఈ రెండోది మొదటిదాన్ని చానెల్ అడిగి పుచ్చుకోవాలి. పేరుపెట్టి అడిగితే అడిగిందే ఇస్తుంది. పేరు చెప్పకుండా ఏదో ఒకటి ఇమ్మంటే వరుసలో మొదట ఉన్నదాన్ని చేతిలో పెట్టి పొమ్మంటుంది. ఆఫీసులో వాడుతున్నదే ఒక్క చానెల్ కాబట్టి అల్లుడు ఏనాడూ పేరు చెప్పే కష్టం పెట్టుకోలేదు. ఇంట్లోనూ పెట్టుకోలేదు. దాంతో మామగారు పలక ఎక్కినప్పుడల్లా, అది ఎంతో నిష్ఠగా వంటింట్లోని బియ్యాన్ని తూచడం మొదలుపెట్టింది.

మరి పరీక్షించలేదా అంటే, పరీక్షించాడు. తను ఎక్కాడు, సున్నా వచ్చింది. ఐదు నిమిషాలాగి మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ సున్నా. ఐదు నిమిషాల్లో మనిషి బరువు మారదు కదా, యంత్రం భేషుగ్గా ఉందనుకున్నాడు. మామగారు కూడా ఎక్కి, సున్నా చూసుకుని, తృప్తిగా దిగారు.

మర్నాడు ఉదయానికి మామగారు అరకిలో తగ్గారు. ఆ మర్నాడు ఇంకో అరకిలో. మూడో రోజు పథ్యం మీద విసుగుపుట్టి, మధ్యాహ్నం రెండుసార్లు, రాత్రి రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. తెల్లారి దొంగలా పలక ఎక్కితే, ఏకంగా కిలో తగ్గారు. తర్వాత వంటింటివైపు తిరిగి, ఇకనుంచి తన కంచంలో కొంచెం కొంచెంగా వడ్డించొద్దని, ఒక్కసారే దండిగా పెట్టమని అత్తగారికి చెప్పారు. కొత్త అన్నం లోపలికి వెళ్ళి పాత కొవ్వును బయటికి నెట్టేస్తుందని ఆయన ఒక సిద్ధాంతం కూడా తయారుచేశారు. దాన్ని కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, ఎదురుగా అంకె మెరుస్తోంది మరి.

ఇంతటి సంగతి కడుపులో దాచుకోవడం ఎవరి తరం? ఫోన్‌లో చెబితే ఎదుటివాళ్ళ మొహం కనబడదని, మామగారు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కారు. నాలుగో అంతస్తులో పిల్లలకు పాటలు నేర్పే సంగీతం టీచరమ్మకు చెప్పారు. ఐదో అంతస్తు దర్జీకి చెప్పారు. ఆరో అంతస్తులో తలుపు తీసినవాళ్ళందరికీ చెప్పారు. ఉదయం అంకె చెప్పడానికి ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి ఒకసారి, సాయంత్రం ఎవరెంత తగ్గారో వాకబు చేయడానికి ఇంకోసారి ఎక్కి దిగేవారు. వారం తిరిగేసరికి హాలంతా జనం. వచ్చినవాళ్ళు పలక ఎక్కాలి, కడుపారా భోంచేయాలి, మర్నాడు మళ్ళీ ఎక్కాలి. అందరూ తగ్గుతున్నారు. ఎంతమంది తింటే అంత ఎక్కువ తగ్గుతున్నారు. అత్తగారు వండలేక వార్చలేక సతమతమవుతున్నా, బరువు తగ్గించే చెయ్యి తనదేనని లోలోపల మురిసిపోతున్నారు.

అనుమానం వచ్చిన మనుషులు ఇద్దరే. మొదటివాడు దర్జీ. ఇన్ని కిలోలు తగ్గాక మామగారి ప్యాంట్లు వదులై ఉంటాయి కదా, ఊరికే బిగించిపెడతానని నడుము కొలిచాడు. చుట్టుకొలతలో అంగుళం కూడా తేడా లేదు. దర్జీ చాలాసేపు ఆలోచించి, టేపు సాగిపోయిందన్న నిర్ణయానికొచ్చి, ఎన్నో ఏళ్ళుగా మెళ్ళో వేసుకున్న ఆ టేపును చెత్తబుట్టలో పడేశాడు.

రెండో మనిషి ఇంజనీరు భార్య. ఆవిడ లెక్కల టీచరు.

"ఏమండీ, నిన్నటికీ ఇవాళ్టికీ మా నాన్న, దర్జీగారు, టీచరమ్మ ముగ్గురూ సరిగ్గా ఎనిమిదివందల గ్రాములే తగ్గారు. ముగ్గురూ ఒకేలా ఎలా తగ్గుతారు?"

"దాన్నే నిలకడ అంటారు" అన్నాడు ఇంజనీరు. భార్య ముందు తన డ్రైవర్ని తక్కువ చేసుకోవడం అతనికి ఇష్టం లేదు. పైగా అప్పటికే అతను ఈ ఘనకార్యాన్ని మేనేజరుకి చెప్పేశాడు, మేనేజరు జిమ్ముల యజమానికి చెప్పేశాడు.

రెండు వారాలూ నిండే శనివారం సాయంత్రం ఇద్దరూ వచ్చారు. యజమాని కండలు తిరిగిన మనిషి, తక్కువ మాటలవాడు. పలక ఎక్కి తన సున్నా చూసుకున్నాడు. మామగారు ఎక్కి తొమ్మిది కిలోల తగ్గుదల చూపించారు. యజమాని కనుబొమలు పైకి లేచాయి. రాత్రి అందరికీ అక్కడే భోజనం. తెల్లారి మళ్ళీ వచ్చి చూసుకుంటానని, నచ్చితే అక్కడికక్కడే ఆర్డరు ఇస్తానని ఆయన చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. ఇంజనీరుకి ఆ రాత్రి నేల మీద కాళ్ళు ఆనలేదు.

అత్తగారికి మాత్రం వేరే దిగులు పట్టుకుంది. ఆ భోజనాలతో బియ్యం డబ్బా ఖాళీ అయిపోయింది. తెల్లవారగానే కొట్టుకి కబురుపెట్టి పాతిక కిలోల బస్తా తెప్పించారు. యాప్ వచ్చేవారం వస్తుందని నమ్ముకుంటే ఇంటికొచ్చిన పెద్దమనుషులు పస్తులుండాల్సిందేనని ఆవిడ గొణుక్కున్నారు.

హాల్లో యజమాని పలక ఎక్కాడు. మూడు కిలోలు తగ్గినట్టు చూపించింది. నిన్న రాత్రి మూడుసార్లు వడ్డించుకున్న మనిషి ఆయన. మొహం చిన్నపిల్లాడిలా విప్పారింది. మేనేజరు ఇంజనీరు వీపు తట్టాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి జలజలమని చప్పుడు మొదలైంది.

తెర మీద అంకె కదిలింది. మూడు తక్కువ కాస్తా సున్నా అయింది. చూస్తూ చూస్తుండగానే నాలుగు ఎక్కువైంది. యజమాని ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. తొమ్మిదయింది. చేతిగడియారం తీసి మేనేజరుకిచ్చాడు. పన్నెండయింది. జేబులోంచి తాళాలు, ఫోను తీసేశాడు. పదిహేడయింది. మేనేజరు చెయ్యి ఇంజనీరు వీపు మీదనే ఉంది గానీ తట్టడం మానేసింది.

లెక్కల టీచరు ఒక్కతే తెరను వదిలి చప్పుడువైపు చెవి ఒగ్గింది.

"అమ్మా, ఒక్కసారి పొయ్యడం ఆపు."

చప్పుడు ఆగింది. అంకె ఆగింది.

"ఇప్పుడు పొయ్యి."

చప్పుడు మొదలైంది. అంకె పరుగు అందుకుని ఇరవైరెండు దగ్గర నిలిచింది. వంటింట్లోంచి అత్తగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమైందని అందరి మొహాలూ చూశారు.

మామగారికి విషయం అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం ఇష్టంలేక, యజమానిని పక్కకు జరిపి తనే ఎక్కారు. పదమూడు కిలోలు ఎక్కువ. కూతురు మెల్లగా, ఇన్నాళ్ళూ తగ్గింది ఆయన కాదని, డబ్బాలో బియ్యమని చెప్పింది. దర్జీ తన టేపును తలుచుకుని నిట్టూర్చాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. మామగారు పలక దిగి, పాత సోఫాలో పాత చోటే కూర్చున్నారు. రెండు వారాలుగా ఈ భవనంలో ఆయన్ని మించిన మొనగాడు లేడు. ఇప్పుడు ఎవరి కళ్ళల్లోకీ చూడలేకపోతున్నారు. అల్లుడికి ఉద్యోగం సంగతి కంటే ముందు ఆ వంగిన తలే కనబడింది.

అతను లాప్‌టాప్ తెరిచాడు. తప్పు వెతకడానికి అట్టే సేపు పట్టలేదు. పేరులేకుండా చానెల్ అడిగిన చోట 'పలక' అని ఒక్క మాట రాశాడు. తేడా చూపించే ఏర్పాటు తీసేసి అసలు బరువే చూపించేలా మార్చాడు. మొదటిరోజు పలక మామగారిని తూచనే లేదు, ఇక తేడా తీసేదెక్కడ? పలకను మళ్ళీ ఆన్ చేసి, సోఫా దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మామయ్యగారూ, తప్పు నాది. ఒక్కసారి ఎక్కండి. ఈసారి ఇది మిమ్మల్నే తూస్తుంది."

"అందరినీ అటు తిరగమనండి" అన్నారు మామగారు.

జిమ్ముల యజమానితో సహా అందరూ గోడవైపు తిరిగారు. పలక కిర్రుమంది. తర్వాత, కట్టుకున్న భార్యకి కూడా చెప్పని అంకెను ఆయన హాలంతా వినబడేలా చెప్పారు.

"డాక్టరు దగ్గర తొంభైఎనిమిది. ఇవాళ తొంభైఆరు."

అందరూ ఒక్కసారిగా ఇటు తిరిగారు. నిజంగానే తొంభైఆరు. రెట్టింపు తిన్న మనిషి రెండు కిలోలు ఎలా తగ్గాడో ఎవరికీ అంతుపట్టలేదు. అత్తగారు ఇదీ తన చేతి మహిమేనేమోనన్నట్టు చూశారు. చివరికి దర్జీ గొంతు సవరించుకుని, ఈయన రోజుకి మూడుసార్లు తమ ఐదో అంతస్తుకి రావడం, ఆ పైకి కూడా వెళ్ళడం, అదీ లిఫ్టు లేకుండా, అని చెప్పుకొచ్చాడు. లెక్కల టీచరు మెట్లు లెక్కగట్టడం మొదలుపెట్టి మధ్యలో నవ్వేసింది. మామగారు తన మోకాళ్ళను కొత్తగా చూసుకున్నారు. ఈ రెండు వారాల్లో వాటి నొప్పి సంగతే ఆయనకి గుర్తు రాలేదు.

ఇంజనీరు సంగతి ఆఫీసులో మాట్లాడుకుందామని మేనేజరు గడప దాటబోయాడు. యజమాని చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"యంత్రం బాగైంది కదా, తీసుకుంటాను. కానీ మా జిమ్ముకి చేరినవాళ్ళు వారం తిరక్కుండా మానేస్తారు. అంతస్తు అంతస్తుకీ తిరిగి ఇంతమందిని రోజూ రప్పించిన మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆయన మాతో వచ్చి పనిచేస్తేనే ఆర్డరు."

మామగారు ఒక నిమిషం బెట్టు చేసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పంపాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఇంజనీరు ఉద్యోగం పర్మనెంటయింది, మామగారు ఆ కొలువులో ఉన్నంతకాలం.

మర్నాడు లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కుని ఇంజనీరే ఎదురెళ్ళి, మంచినీళ్ళిచ్చి, వెనక్కి పంపించాడు. అల్లుడి ఉద్యోగం ఇప్పుడు మామగారి మోకాళ్ళ మీద నిలబడి ఉంది.