సగం ప్లీడరు గారి సీలు

ఆ ఉదయం కోసం వేసుకున్న పథకంలో పొరపాటుకు సందు లేదు. కోడలు యూనిఫారం వాషింగ్ మెషీన్‌లో వేస్తుంది. అది ఉతికి, ఆరబెట్టి ఇస్తుంది. అత్తగారు ఇస్త్రీ చేస్తారు. భర్త స్కూటరు మీద డిపోలో దింపుతాడు. పది గంటలకు కోడలు జీవితంలో మొదటిసారి సిటీ బస్సు స్టీరింగు పట్టుకుంటుంది. ఇన్నేళ్ళు ఇంత మొగుణ్ణి నడిపినావిడకు బస్సు ఒక లెక్కా అని వీధంతా అనుకుంది. డిపో మేనేజరు మాత్రం ముందే చెప్పేశాడు. యూనిఫారం లేకుండా వస్తే బండి ఇవ్వడు, ఆ ఉద్యోగం వరసలో తర్వాత ఉన్నవాళ్ళకి పోతుంది. ఇచ్చిందేమో ఒకే ఒక్క జత. అది ఏ గోదాములో ఎన్నాళ్ళు మగ్గిందోగానీ, దగ్గరికి తెస్తే చాలు తుమ్ములు.

భర్త పుస్తకాల బైండరు. ఈ మధ్య వాళ్ళ ప్రెస్సుకు, కొన్న వస్తువు పాడైతే ఏం చెయ్యాలి, ఇంట్లో తగువులొస్తే ఎక్కడికి వెళ్ళాలి అని న్యాయ సలహాలు చెప్పే లావుపాటి పుస్తకం ఒకటి వచ్చింది. మొదటి సగం కుట్టే పని ఇతనిది, రెండో సగం పక్క బల్ల వాళ్ళది. కుడుతూ కుడుతూ తన సగాన్ని కంఠతా పట్టేశాడు. అప్పట్నుంచి వీధిలో ఎవరి మిక్సీ కాలిపోయినా, ఎవరి అల్లుడు అలిగినా అడగకుండానే సలహా ఇస్తున్నాడు. జనం 'సగం ప్లీడరు' అని పేరు పెడితే దాన్ని బిరుదు కిందే జమ కట్టుకున్నాడు.

ఇంతకీ మెషీన్. కొని వారం కూడా కాలేదు. గిర్రున తిరుగుతున్నది కాస్తా మధ్యలో ఠక్కున ఆగిపోయింది. నీళ్ళు లోపలే ఉన్నాయి, తలుపు బిగుసుకుపోయింది, ఏ బటన్ నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. గుండ్రటి గాజు తలుపు వెనకాల యూనిఫారం చొక్కా చెయ్యి ఒకటి అద్దానికి అతుక్కుని, రక్షించమన్నట్టు కనిపిస్తోంది.

"ఒకసారి ప్లగ్గు పీకి పెట్టి చూస్తా," అంటూ ఆవిడ చెయ్యి చాచింది.

"ముట్టుకోకు!" అని సగం ప్లీడరు అడ్డంగా దూకాడు. "పాడైన వస్తువుని ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. మనం కెలికామంటే, మీరే పాడుచేశారు పొమ్మంటాడు కంపెనీవాడు. ఇక కేసు గల్లంతే!"

"కేసు సంగతి తర్వాత చూద్దామండీ. పదింటికి నేను బస్సెక్కాలి."

"ఎక్కుతావు. చట్టప్రకారం ఎక్కుతావు."

కంపెనీకి ఫోన్ చేస్తే, మెకానిక్ రేపు వస్తాడని తీయటి గొంతు ఒకటి చెప్పింది. దాంతో ఆయనకు ఇంకా హుషారొచ్చింది. పుస్తకంలో చెప్పినట్టు ముందు నుంచీ వెనక నుంచీ ఫొటోలు తీశాడు. తర్వాత పుస్తకంలో లేని పని ఒకటి చేశాడు. బైండింగు గుడ్డ పొడుగ్గా కత్తిరించి, తను స్వయంగా కాచే జిగురు దట్టంగా పూసి, మెషీన్ తలుపు చుట్టూ అంటించేశాడు. ఆ జిగురంటే ప్రెస్సులో అందరికీ భయం. దానితో అంటించిన అట్ట ఇంతవరకు ఎవరి చేతిలోనూ ఊడలేదు.

"తలుపు రావట్లేదని నేను మొత్తుకుంటుంటే మీరు మళ్ళీ అంటిస్తారేంటండీ?" ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"ఇది సీలు. దీని మీద సాక్షుల సంతకాలుంటే కంపెనీవాడు నోరెత్తలేడు. అమ్మా, ఇలా రా. నువ్వు మొదటి సాక్షివి. సాక్షి అడిగినదానికే జవాబు చెప్పాలి, అడగనిది చెప్పకూడదు."

"అది కాదురా, ఇందాక నువ్వు..."

"నేనేమన్నా అడిగానా?"

"లేదు."

"మరి?"

తల్లి గట్టిగా నోరు మూసుకుని సంతకం పెట్టింది. కొడుకు మాట కాదంటే ఎలా?

బయటి సాక్షి కూడా ఒకరుంటే బలంగా ఉంటుందని, వీధివాళ్ళ ఫోన్ గ్రూపులో సందేశం పెట్టాడు. 'మా ఇంట్లో సాక్షులు కావలెను. బంధువులు పనికిరారు. వెంటనే రండి.' దేనికి సాక్షులో రాయలేదు. పొద్దున్నుంచి ఆ ఇంట్లో అరుపులు వింటున్న వీధికి అది రాయనవసరం కూడా లేకపోయింది. మొగుడూపెళ్ళాలు విడిపోతున్నారని రెండు క్షణాల్లో తేల్చేసుకున్నారు.

ముందుగా పక్కింటి టైలరు పరుగున వచ్చాడు, మెడలో టేపు కూడా తీయకుండా. "తొందరపడకండి ప్లీడరు గారూ! కూర్చుని మాట్లాడుకుంటే పోయేదానికి సాక్షులూ సంతకాలూ ఎందుకండీ?"

"మాట్లాడదామంటే రేపటిదాకా రామంటున్నారు," అన్నాడు సగం ప్లీడరు. "ముందు మీరు ఇక్కడ సంతకం పెట్టండి."

పాపం, బాధలో మతి చలించిందనుకున్నాడు టైలరు. కళ్ళు తుడుచుకుని గుడ్డ మీద సంతకం పెట్టాడు. ఆయన భార్య ఈలోపు ఊరుకోలేదు. సగం ప్లీడరు బావమరిదికి ఫోన్ చేసి, మీ అక్క కాపురం కూలిపోతోందని కబురు అందించేసింది.

ఆ తమ్ముడి వ్యాపారం ఇళ్ళ సామాన్లు చేరవేయడం. వ్యానుతో, ఇద్దరు కూలీలతో సహా ఊడిపడ్డాడు. "అక్కా, ఇక ఈ ఇంట్లో ఒక్క నిమిషం ఉండద్దు. నీ సామాను ఏదో చూపించు!"

ఆవిడ గడియారం చూసింది. వ్యాను చూసింది. మెషీన్ చూసింది.

"ఇదే," అంది.

"ఇదొక్కటేనా?"

"నాక్కావలసిందంతా దీంట్లోనే ఉంది. ఎక్కించండి. డిపోకి పోనియ్యి."

"కదపకండి! సాక్ష్యం చెడిపోతుంది!" అని సగం ప్లీడరు మెషీన్‌ని వాటేసుకున్నాడు.

"మా అక్కకంటే సాక్ష్యం ఎక్కువైందా బావా నీకు?" అంటూ తమ్ముడు ఆయన్ని పక్కకు జరిపాడు. కూలీలు మెషీన్‌ని వ్యానులోకి ఎత్తారు. నేను సాక్షిని కదా అని అత్తగారు చేతిసంచీతో ఎక్కి కూర్చుంది. దారిలోనైనా రాజీ చేద్దామని టైలరు ఎక్కాడు. బండి కదిలాక సగం ప్లీడరు ఒక్క చెప్పుతో పరిగెత్తి, వెనక తలుపు పట్టుకుని వేలాడాడు.

డిపోలో మేనేజరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వ్యానులోంచి దిగిన బలగాన్ని, వాళ్ళతో దిగిన మెషీన్‌ని మార్చి మార్చి చూశాడు.

"బస్సు నడపమంటే ఇదెందుకమ్మా తెచ్చావు?"

"యూనిఫారం దీంట్లో ఉంది సార్."

పక్కనే బస్సులు బాగుచేసే షెడ్డు. అక్కడి మెకానిక్ మెషీన్‌కి కరెంటు పెట్టి, తాళం బొమ్మ ఉన్న బటన్ని కాసేపు అదిమి పట్టుకున్నాడు. కుయ్యిమంది, టక్కుమంది, నీళ్ళు బుడబుడా దిగిపోయాయి. మెషీన్ నిక్షేపంగా ఉంది.

"చిన్నపిల్లలు కెలక్కుండా పెట్టే తాళం ఇది. ముందు ఆపేసి, తర్వాత తాళం నొక్కారు ఎవరో. ఇంట్లో పిల్లలున్నారా?"

"లేరు," అంది ఆవిడ.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సగం ప్లీడరు విచారణకు సిద్ధమయ్యాడు. "అమ్మా, దీన్ని ఎవరైనా ముట్టుకోవడం నువ్వు చూశావా?"

"ఇప్పుడు అడిగినట్టేనా?"

"అడిగాను, చెప్పు."

"నువ్వేరా! కొత్త సామాను మెరవాలని, అది తిరుగుతుండగానే తడిగుడ్డ పెట్టి దాని మొహమంతా పరపరా రుద్దావు. అప్పుడే ఆగింది. అప్పుడే చెబుదామనుకున్నా."

"పుస్తకంలో ఈ తాళం సంగతి లేదా బావా?" అన్నాడు తమ్ముడు.

"రెండో సగంలో ఉందేమో. అది పక్క బల్ల వాళ్ళు కుడతారు."

మెకానిక్ తలుపు లాగాడు. రాలేదు. కూలీలు లాగారు. మెషీన్ మొత్తం వాళ్ళతో నడిచి వచ్చిందిగానీ తలుపు రాలేదు. మెషీన్ తాళం వదిలినా జిగురు వదల్లేదు. మేనేజరు వాచీ చూసుకుని, వరసలో తర్వాత ఎవరున్నారని గుమాస్తాను అడిగాడు. ఆవిడ తల పక్కకు తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అది సగం ప్లీడరు చూశాడు. ఈ ఉద్యోగం కోసం ఆవిడ రోజూ తెల్లవారకముందే లేచి డ్రైవింగు నేర్చుకోవడం ఆయనకు తెలుసు. పరీక్ష పాసైన రోజు ఆవిడకంటే ఎక్కువ గంతులేసింది ఆయనే.

"వేడినీళ్ళు! మరుగుతున్న నీళ్ళు తెండి!" అని కేకేశాడు. "ఈ జిగురు నాకూ, వేడినీళ్ళకూ తప్ప ఎవరికీ లొంగదు."

టీ కాసే పొయ్యి మీది నీళ్ళు వచ్చాయి. గుడ్డ ముంచి, వేళ్ళు కాలుతున్నా సీలు మీద అదిమాడు. తల్లి సంతకం అలుక్కుపోయింది. టైలరు సంతకం కారిపోయింది. తన సీలును తన చేతులతోనే వలిచేశాడు. తలుపు తెరుచుకుంది. ఆవిడ యూనిఫారం లాక్కుని, పిండుకుంటూ గదిలోకి పరిగెత్తింది.

బయటికి వచ్చేసరికి చొక్కా చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇలా తడి బట్టలతోనా?" అన్నాడు మేనేజరు.

సగం ప్లీడరు నోరు తెరిచాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"సార్, యూనిఫారం వేసుకోవాలని రూలుంది. వేసుకున్నాను. పొడిగా ఉండాలని ఎక్కడైనా రాసుందా?"

మేనేజరు ఆలోచించాడు. గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కమ్మా," అన్నాడు మేనేజరు నవ్వాపుకుంటూ.

"చూశారా!" సగం ప్లీడరు ఉప్పొంగిపోయాడు. "ఈ పాయింటు నా సగంలో కూడా లేదు!"

"మరి విడాకులు?" అన్నాడు టైలరు అయోమయంగా.

"ఎవరికి?" అన్నారు మొగుడూపెళ్ళాలు ఒక్కసారే.

తమ్ముడు సిగ్గుపడి మెషీన్‌ని తిరిగి అక్కవాళ్ళింటికి తీసుకుపోయాడు. మిగతావాళ్ళందరూ ఆవిడ తొలి బస్సులోనే ఎక్కారు. ఆవిడ గేరు మార్చి బండిని రోడ్డెక్కించిన తీరుకు ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. సగం ప్లీడరు అందరికంటే గట్టిగా కొడుతుండగా కండక్టరమ్మ వచ్చి టిక్కెట్టు అడిగింది. ఆయన జేబులు తడుముకున్నాడు. పర్సు ఇంట్లో ఉంది.

"నేను డ్రైవరు గారి భర్తనండీ."

"అక్కా, ఈయన మీ ఆయనేనా?"

అద్దంలోంచి రెండు కళ్ళు వెనక్కి చూశాయి. "అడిగావు కాబట్టి చెబుతున్నా, మా ఆయనే. రూలు రూలే, దింపెయ్యి."

తల్లి ఒళ్ళో ఉన్న చేతిసంచీ నిండా డబ్బులున్నాయి. కానీ ఆవిడ్ని ఎవరూ ఏమీ అడగలేదు, అందుకని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాతి స్టాపులో సగం ప్లీడరు ఒంటి చెప్పుతో కిందికి దిగాడు.

ఈసారి మాత్రం ఆయనకు సాక్షులకు కొదవ లేదు, బస్సు నిండా ఉన్నారు.