ఎక్కడిదీ గుంయ్‌మనే చప్పుడు?

ఆ రోజు పొద్దున సౌండు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పెట్టెకు మూత బిగించాలి, పదకొండింటికి వచ్చే ఆడియో కథల కంపెనీ మేడమ్‌కు తన భార్య గొంతు వినిపించాలి. ఇందులో బిల్డింగు మొత్తాన్ని చీకట్లో పడేసే పని ఏదైనా ఉందా, మీరే చెప్పండి!

మాస్టారు ఒకప్పుడు రికార్డింగ్ స్టూడియోలో పనిచేశారు. అది మూతపడినప్పుడు పాత మిక్సింగ్ కన్సోల్‌ను తుక్కు కింద విడగొడుతుంటే, ప్రాణం ఒప్పక దాంట్లోంచి మైకు గొంతును పెంచే రెండు మాడ్యూళ్లను ఇంటికి మోసుకొచ్చుకున్నారు. గొంతుకు అంత నిండుదనం ఇచ్చే సరుకు మళ్లీ పుట్టలేదని ఆయన నమ్మకం. అయితే గోడలోంచి వచ్చే కరెంటు వాటికి సరిపడదు, కడిగిన ముత్యంలాంటి ఇరవై నాలుగు వోల్టులు కావాలి. అందుకని ట్రాన్స్‌ఫార్మరూ, లావుపాటి కెపాసిటర్లూ కూర్చి పవర్ సప్లయి పెట్టె ఒకటి కట్టారు. ఇక ఆయన భార్య సంగతి. పిల్లలకు కథలు చెప్పి చెప్పి, వాళ్లు పెద్దవాళ్లయి వినడం మానేశాక, మళ్లీ వినేవాళ్లు దొరకబోతున్నారని ఆవిడకు కాలు నేల మీద నిలవడం లేదు. కంపెనీకి కథలు చెప్పే ఈ ఉద్యోగం వస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు ఆవిడకు.

పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. భార్య మైకు ముందు కూర్చుంది. మాస్టారు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్లు మూసుకుని, ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నారు. గొంతు అద్భుతం. దాని వెనకాల మాత్రం సన్నగా గుంయ్‌మని చప్పుడు.

"నాకేం తేడా తెలియట్లేదండీ" అంది భార్య.

"నీకు తెలియదులే, నా చెవులు వేరు" అని, బట్టలు మడతపెడుతున్న అత్తగారి వైపు తిరిగారు. "అత్తయ్యగారూ, మీకు వినబడుతోందా?"

అత్తగారు మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టారు. "వినబడుతోంది బాబూ. అటువైపు నుంచే" అన్నారు, గడ్డంతో బల్ల వైపు చూపిస్తూ.

బల్ల మీద పెట్టె ఉంది. దాన్ని అడ్డంగా తిప్పి చూశారు, నిలువుగా పెట్టి చూశారు. పొడుగాటి తీగలు అతికించి పెట్టెను వంటింట్లోకి సాగనంపి, మళ్లీ వెనక్కి తెచ్చుకున్నారు. గుంయ్! ఫ్రిజ్ కట్టేశారు, ఫ్యాన్లు కట్టేశారు. అయినా గుంయ్! ఇక మిగిలింది పై అంతస్తు టైలరమ్మ కుట్టు మిషను. కబురు పంపితే ఆవిడ సగం కుట్టిన కోటు భుజాన వేసుకుని, మొహం ముటముటలాడించుకుంటూ దిగివచ్చింది.

"మిషను ఎప్పుడో ఆపేశానండీ. ఇంకా వస్తోందంటే ఇది నా ఒక్కదాని పుణ్యం కాదు, బిల్డింగు మొత్తానిది. మెయిన్ స్విచ్చే తీసేద్దామా?" అంది. అప్పటికే ఆవిడకు హుషారొచ్చేసింది.

"మెయిను తీస్తే మీ పెట్టె కూడా ఆగిపోదటండీ?" అంది భార్య.

"అక్కడే ఉంది కిటుకు! నా కెపాసిటర్లలో ఉన్న నిలవ కరెంటుతో పెట్టె కొన్ని క్షణాలు నడుస్తుంది. ఆలోగా వింటే దొంగెవరో తేలిపోతుంది."

టైలరమ్మ కిందికి పరుగెత్తి, మెయినును పట్టుకుని బలంకొద్దీ లాగింది. పిడి ఊడి చేతికొచ్చింది. బిల్డింగంతా కరెంటు పోయింది. మాస్టారు ఊపిరి తప్ప అన్నీ బిగబట్టి విన్నారు. హెడ్‌ఫోన్లలో భార్య గొంతు సన్నబడింది, ఆగిపోయింది. ఎర్రదీపం ఆరిపోయింది. గుంయ్‌మనే చప్పుడు మాత్రం నిక్షేపంగా ఉంది.  కరెంటే లేని కొంపలో కరెంటు చప్పుడేమిటి?

ఆలోచించే తీరిక దొరకలేదు. లిఫ్టులోంచి కేక వినబడింది. "ఎవరైనా ఉన్నారా? నేను కథల కంపెనీ నుంచి వచ్చానండీ!"

"అయిపోయింది, నా ఉద్యోగం అయిపోయింది" అంటూ భార్య లిఫ్టు దగ్గరికి పరుగుతీసింది. మాస్టారు పటకారు పుచ్చుకుని మెయిను దగ్గరికి ఉరికారు. రెండంతస్తుల మధ్య, జల్లెడ తలుపు వెనక, మేడమ్ గొంతు వణుకుతోంది. "నాకు చీకటంటే చచ్చేంత భయమండీ" అందావిడ.

భార్య మెట్ల మీద చతికిలబడింది. మైకు లేదు, మాడ్యూలు లేదు. "చీకటంటే భయపడే గుడ్లగూబ ఒకటి ఉండేదండీ" అని మొదలుపెట్టింది. ఆ గుడ్లగూబ మిణుగురుల్ని బతిమాలుకుంది, చందమామతో తగవు పెట్టుకుంది. లిఫ్టులో వణుకు ఆగింది, కాసేపటికి నవ్వు మొదలైంది. మాస్టారు పిడి బిగించి కరెంటు ఇచ్చారు, లిఫ్టు పైకొచ్చి ఆగింది. కానీ మేడమ్ దిగలేదు.

"ఉండండి, గుడ్లగూబ ఇల్లు చేరిందా లేదా? అది తేలితే గానీ నేను దిగను."

తేలాకే దిగింది. "ఈ గొంతు మాకు కావాలి" అని అక్కడికక్కడే చెప్పేసింది. భార్య కళ్లనీళ్లతో నవ్వింది. సంతోషం పట్టలేక తల్లిని వాటేసుకుంది.

"ఎటూ వచ్చాను, మీ రికార్డింగ్ కూడా విని వెళతాను" అని మేడమ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. భార్య మళ్లీ మైకు ముందు కూర్చుంది. పక్కనే నిలబడిన మాస్టారు మళ్లీ ఒళ్లంతా చెవులు చేసుకుని, కళ్లు మూసుకున్నారు. మేడమ్ పెట్టెను చూసింది, మైకును చూసింది, చివరికి తలెత్తి ఆయన్ను చూసింది.

"సార్, ఒక్క క్షణం నోరూ ముక్కూ మూసుకుంటారా?"

మూసుకున్నారు. గదిలో చప్పుడు ఠక్కున ఆగింది. వదిలారు. గుంయ్!

"పనిలో పడితే మీరు రాగం తీస్తారు సార్. మీ పెట్టెలో ఏ లోపమూ లేదు."

 "నీకు తెలియదా?" అన్నట్టు మాస్టారు భార్యను చూశారు. "ఇన్నేళ్ల కాపురమండీ, ఆ చప్పుడు లేకపోతేనే నాకు వినబడుతుంది" అందావిడ. అత్తగారు తువ్వాలులో మొహం దాచుకున్నారు. "నాకు పొద్దుటే తెలుసు బాబూ. కానీ అల్లుడుగారిని పట్టుకుని అంత మాట ఎలా అనను?"

రికార్డింగులు ఆ ఇంట్లోనే, ఆ పెట్టెతోనే, దివ్యంగా సాగుతున్నాయి. ఆ సమయంలో ఆయన్ను గదిలో ఉండనివ్వకూడదన్నది ఒక్కటే షరతు. అందుకని మాస్టారు పై అంతస్తుకు వెళ్లి, బొత్తాలు కుట్టడంలో సాయపడుతున్నారు.

టైలరమ్మ మాత్రం, మిషనులో కొత్తగా ఏదో చప్పుడు వస్తోందని నిన్న మెకానిక్కును పిలిపించింది.